మార్పులేమీ లేవు

పన్నెండింటికి పిలుస్తామన్నారు. గోడ గడియారంలో పదకొండయింది, అది అయిదు నిమిషాలు ముందుందని బల్ల దగ్గర గుమాస్తా ఎవరితోనో అంటుంటే విన్నది, అంటే ఇంకా పదకొండు కూడా కాలేదన్నమాట, వదిన రావడానికి అయిదు నిమిషాలు కలిసొచ్చాయి. పొద్దున ఏడింటి బస్సు పట్టుకుంటే పదింబావుకల్లా దిగిపోవచ్చు, అక్కణ్ణించి ఈ బీమా ఆఫీసుకి మెల్లగా నడిచినా ఇరవై నిమిషాలు, అసలు వదిన మెల్లగా నడిచే మనిషి కాదు, వదినతో రోడ్డు మీద నడవాలంటే తను వెనకాల పరుగులాంటి నడక నడవాల్సి వచ్చేది, ఏమే, కాళ్ళు కూడా మైనంతో చేసుకున్నావా అని తిరిగి చూసి నవ్వేది. ఏడింటిది తప్పిపోతే తొమ్మిదింటిది ఉంది, అదయితే దిగేసరికే పన్నెండుంబావు. అరగంట ఆగమంటే ఆగరా, మనుషులే కదా. అయినా వస్తానని అంటేగా! ఫోనులో "చూస్తాను" అంది, అంతే. నాలుగేళ్ళ తర్వాత విన్న గొంతులోంచి వచ్చిన ఆ ఒక్క మాటని రెండు రోజులుగా అటూ ఇటూ తిప్పి చూస్తోంది ఆమె. రానని మొహమ్మీద చెప్పలేక అన్న చూస్తానా, వస్తాను గాని ముందే చెప్పి నిన్ను సంతోషపెట్టడం నాకిష్టం లేదనే చూస్తానా. తను మాత్రం ఏం మాట్లాడింది గనక, బాగున్నావా అని కూడా తిన్నగా అడగలేదు, మంట అంటుకున్న సంగతీ పాలసీ సంగతీ గడగడా అప్పజెప్పేసి, చివరికి, "నువ్వేమీ చెయ్యక్కర్లేదు వదినా, ఒక్క సంతకం పెడితే చాలు" అంది. తర్వాత ఆ చూస్తాను.

ఎదురు గోడ మీద ఒక కుటుంబం నవ్వుతోంది, నిలువెత్తు బొమ్మ, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ, వీళ్ళందరికీ బీమా ఉంది కాబట్టి ఇలా నవ్వుతున్నారని కింద రాశారు. ఆమె మొహాలు చూడలేదు, ఎక్కడికెళ్ళినా ముందు పళ్ళే కనిపిస్తాయి, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. తండ్రికి కోరపన్ను దాకా ఒకటే తెల్లదనం. ఏ మనిషికైనా కోరపన్ను పక్కవాటి కన్నా పిసరు పసుపుగా ఉంటుంది, ఇవి దేవుడిచ్చిన పళ్ళు కావు, బొమ్మ తీసినవాడు తెల్లబరిచినవి. వదిన చూస్తే ఊరుకునేదా, "ఈయన పళ్ళకి సున్నం వేశారే" అని ఇంతమందిలోనూ పైకే అనేసేది. కట్టుడు పళ్ళు చేసే పని వదినదీ తనదీ. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, అందులో ప్లాస్టర్ పోసి నోరు తయారుచేసి, దాని మీద మైనంతో పళ్ళు చెక్కి, మైనం స్థానంలో పళ్ళు చేసే పొడి కలిపిన ముద్ద నింపి, కాల్చి, మెరుగుపెట్టి పంపాలి. ఆ నోటి మనిషెవరో చూడడం ఉండదు, చీటీ మీద ఒక నంబరుంటుంది, అంతే. వదినకి నంబర్లంటే గిట్టేది కాదు, ఇదేమన్నా జైలా నంబర్లతో పిలవడానికి అని ప్రతి నోటికీ ఒక వరస కట్టేది. ముందు పళ్ళు రెండూ పెద్దవైతే మేనత్త, అరిగిపోయినవైతే చిన్నతాతయ్య, ఒక్కటీ లేకపోతే పసిపాప. అలా నాలుగు వందల మంది చుట్టాలు బీరువాలో వరసగా నోళ్ళు తెరుచుకుని ఉండేవాళ్ళు. ఇంతమంది చుట్టాలుండి ఒక్కరూ మనింటికి భోజనానికి రారేమే అనేది వదిన. పళ్ళు లేవుగా వదినా, ఏం పెట్టి నమలమంటావు అనేది తను. ఎన్నిసార్లు అనుకున్నా ఇద్దరికీ మళ్ళీ నవ్వొచ్చేది, వేరే ఎవరైనా వింటే వీళ్ళకేదో అయిందనుకుందురు.

చుట్టాలంతా ఆ మంటలో పోయారు. ప్లాస్టర్ కాలదు గాని, కాగి ఉన్నదాని మీద నీళ్ళు కొట్టేసరికి పటపటా పగిలిపోయాయి. ఆ మధ్యాహ్నం ఒక పళ్ళ సెట్టు డాక్టరుకి అందజేయడానికి తను బయటికెళ్ళింది, ఫర్నేసు దానంతటదే ఆగాలి, ఆగలేదు, పక్కనే ఆ పొడి కలిపే ద్రావకం డబ్బా ఉంది, అంతే, అరగంటలో ఫర్నేసూ మెరుగుపెట్టే మిషనూ బల్లలూ కిటికీ చట్రమూ అన్నీ బొగ్గు. మర్నాడు బీమా వాళ్ళ సర్వేయరు వచ్చి ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అన్నీ రాసుకున్నాడు, చుట్టాల దగ్గరికొచ్చి, ఇవేంటండీ అని అడిగి, విలువ లేదు అని రాసుకుని ముందుకెళ్ళాడు. పోనీలే, నిజమే, విలువ లేదు. కానీ మిగతావాటికి విలువ ఉందిగా, పాలసీ ఉందిగా అని ఆమె ధీమాగానే ఉంది, తారీకాయన వచ్చి కూర్చుని తల గోక్కునేదాకా. తారీకాయన అంటే బీమా ఏజెంటు. ఏటా సరిగ్గా పద్దెనిమిదో తారీకున ఇంటి తలుపు తడతాడని వదిన పెట్టిన పేరది, ఆయనకి తెలియదు. "మేడం, మీరు కంపెనీ పెట్టారా?" అన్నాడు. పెట్టాను, నాలుగేళ్ళయింది అంది. "నాకొక్క ముక్క చెప్పుంటే పది నిమిషాల పనండీ, పాలసీలో పేరు మార్పించేసేవాణ్ణి" అని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. కంపెనీ అంటే చట్టం దృష్టిలో ఇంకో మనిషట. ఫర్నేసు ఆ మనిషిదట. పాలసీ ఏమో వదినా తనూ కలిసి నడిపిన భాగస్వామ్యం పేర ఉంది, ఆ భాగస్వామ్యం రద్దయి నాలుగేళ్ళు. కాలిన సొత్తు ఒకరిది, బీమా ఇంకొకరిది, ఆ ఇంకొకరు అసలు లేనే లేరు. ఇంకో మనిషి! నాలుగేళ్ళుగా ఆ గదిలో తను తప్ప ఇంకో మనిషి ఉన్నట్టు ఆమెకి ఒక్కరోజూ అనిపించలేదు. ఉంటే కనీసం ఫర్నేసు కట్టేసేవాడు కాదూ.

ఆ కంపెనీ మాత్రం ఎందుకు పెట్టిందని! ఎవరికో పన్ను ఊడి మింగబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు, తప్పు డాక్టరుదో తమదో తేలకముందే కోర్టుకెళ్తానని కబురు పెట్టాడు, రాత్రుళ్ళు వదిన నిద్రపోలేదు. తర్వాత అతను మళ్ళీ కనపడలేదు, అది వేరే సంగతి. అప్పుడే ఆడిటరు చెప్పాడు, భాగస్వామ్యంలో ఉంటే రేపేదైనా అయితే మీ ఇంటి మీదికొస్తుంది, కంపెనీ అయితే పని వేరు ఇల్లు వేరు అని. ఒక్కరి పేర పెడితే త్వరగా అయిపోతుంది, పెద్దావిణ్ణి తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు అన్నాడు. సరే అంది తను. వదిన కోసమే సరే అంది, వదిన నిద్రపోవాలని. ఆ మాట వదినతో అందా? అనలేదు. అచ్చు మీద మైనం పోస్తూ, తలెత్తకుండా, కాగితం ఇటు జరిపి, "వదినా, ఇక్కడొక్క సంతకం పెట్టు" అంది. వదిన కాగితం తీసుకుని గడప దగ్గరికెళ్ళింది. ఏది చూడాలన్నా గడప దగ్గరికే, అదే ఆవిడ పద్ధతి. కాల్చిన పన్ను డాక్టరు రాసిన రంగుకి సరిపోయిందో లేదో చూసేది వదినే, పదహారు రంగుల నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఒక చేత్తో, పన్ను ఇంకో చేత్తో పట్టుకుని పగటి వెలుగులోకి వెళ్ళి నిలబడేది, ట్యూబులైటు అబద్ధమాడుతుందే, పగటి వెలుగులో చూడు అనేది. ఏ-టూనా ఏ-త్రీనా వదినా అని తను లోపల్నించి అరిస్తే, రెండిటికీ మధ్య, ఇంకోసారి కాల్చు అని గడప దగ్గర్నించి జవాబొచ్చేది. అన్నయ్య పోయాక ఏడేళ్ళు అలాగే నడిచింది, చెక్కడం తనది, రంగు వదినది. ఆ రోజు కూడా గడప దగ్గర నిలబడి కాగితం మొత్తం చదివింది వదిన, భాగస్వామ్యం నుంచి నా ఇష్టపూర్వకంగా విరమించుకుంటున్నాను అన్న చోటు దాకా. ఏమైనా అంటుందేమోనని తను మైనం కలుపుతూనే ఉంది. వచ్చి బల్ల మీద పెట్టి సంతకం చేసింది. మూడు వారాలు మామూలుగానే ఉంది, ఒకసారి రంగు చూడమంటే, నువ్వు చూసుకో, ఇప్పుడు నీదేగా అంది, నవ్వుతూనే అంది, నవ్వుతూ అంది కదాని తను పట్టించుకోలేదు, అబ్బా, ఎంత మొద్దు. తర్వాత చెల్లెలింటికి పది రోజులు వెళ్ళొస్తానని చిన్న సంచీ ఒకటి సర్దుకుంది. పది రోజులకి పట్టుకెళ్ళిన బట్టలతో నాలుగేళ్ళెలా గడుపుతోందో ఏమో.

వెళ్ళి తీసుకురావచ్చు. మూడు గంటల ప్రయాణం. రేపు వెళ్దామనుకుంది, పని ఒత్తిడి తగ్గాక అనుకుంది, వదినే వస్తుందిలే అనుకుంది, తప్పు నాది కాదుగా అనుకుంది, తప్పు నాదే అని తెలిశాక ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంది. ఈలోపు పద్దెనిమిదో తారీకొచ్చింది. పాలసీ కొనసాగించమని బీమా వాళ్ళ ఉత్తరం, పైన చిరునామాలో ఇద్దరి పేర్లు, పక్కపక్కన, వదిన పేరు ముందు, తన పేరు తర్వాత. అప్పటికి కరెంటు బిల్లు కంపెనీ పేర వస్తోంది, డాక్టర్ల చీటీలు కంపెనీ పేర వస్తున్నాయి, బోర్డు మారింది, బ్యాంకు పుస్తకం మారింది. ఇద్దరి పేర్లతో ఇంటికొచ్చిన ఉత్తరం అదొక్కటే. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంది. లోపల ఫారంలో ఒక గడి ఉంది, గత ఏడాదిగా యాజమాన్యంలో గాని, వ్యాపార స్వరూపంలో గాని మార్పులు ఏమైనా ఉన్నాయా అని. తెలియక కాదు, మరిచిపోయీ కాదు, బుర్ర పనిచేస్తూ ఉండగానే, కలం తీసుకుని, మార్పులేమీ లేవు అని రాసింది. ఉన్నాయని రాస్తే వచ్చే ఏడు ఉత్తరం ఒక్క పేరుతో వస్తుంది మరి. తారీకాయన వచ్చాడు, టీ తాగాడు, పెద్దావిడ ఏరండీ అని అడిగాడు. ఊరెళ్ళింది అంది. మరుసటేడూ అడిగాడు, ఊరెళ్ళింది అంది. ఆపైయేడూ ఊరెళ్ళింది. నాలుగో ఏడు ఆయనే, పెద్దావిడ ఊరెళ్ళినట్టున్నారు అన్నాడు. నాలుగు ఫారాలు, నాలుగుసార్లు మార్పులేమీ లేవు. ఆ నాలుగు కాగితాలూ ఇప్పుడు లోపల పెద్దాఫీసరు బల్ల మీద ఉండుంటాయి, ఆమె చేతిరాతతో.

"ఎవరికోసమమ్మా?" అన్నాడు బల్ల మీద పక్కన కూర్చున్న పెద్దాయన. తలుపు వైపు అన్నిసార్లు చూస్తే అడగరూ మరి. "మా వదిన కోసమండీ" అంది. మా వదిన అనే మాట నోటికి ఎంత హాయిగా ఉందో. "వస్తుందిలే, ట్రాఫిక్కు" అని నవ్వాడాయన, నవ్వేసరికి ఆమె చూపు అక్కడే ఆగిపోయింది. పై పలువరసలో మధ్య రెండు పళ్ళ పక్కనున్న ఎడమ పన్ను పిసరు లోపలికి తిరిగి ఉంది. అచ్చం బొమ్మలో పెట్టినట్టు వరసగా ఉంటే కట్టుడు పళ్ళని తెలిసిపోతుందని ఆ ఒక్క పన్నునీ కాస్త తిప్పి పెట్టడం ఆమె అలవాటు, ఇంకెవరూ అలా చెయ్యగా చూడలేదు. రంగు చూసింది, ట్యూబులైటు కింద సరిగా తెలియదు గాని, ఏ-త్రీ, కోరపన్ను దగ్గర ఇంకాస్త ముదురు, అది వదిన కన్ను. వాళ్ళ బీరువాలో ఈయన ఏ చిన్నతాతయ్యో. అడుగుదామనుకుంది, ఎప్పుడు కట్టించుకున్నారండీ అని, కట్టుడు పళ్ళని ఎదుటివాళ్ళు కనిపెట్టారంటే పాపం ఎంత చిన్నబుచ్చుకుంటారో తెలుసు కాబట్టి ఊరుకుంది. వదిన వస్తే చూపించాలి. అటు చూడకుండా చూడు అని గిల్లాలి. ఇద్దరం నవ్వాపుకోలేక చావాలి. పెద్దాయన్ని పిలిచారు, వెళ్ళొస్తానమ్మా అని మళ్ళీ ఒకసారి ఆ నవ్వు నవ్వి లేచాడు. పదకొండు నలభై.

వదిన వస్తే ముందు ఏమనాలి. క్షమించు అంటే సినిమాలా ఉంటుంది. చిక్కిపోయావే అంటే, నీ మొహం, నువ్వు చూడు ఎలా ఉన్నావో అంటుంది. అసలు ఏమీ అనకుండా పక్కన చోటిచ్చి జరిగితే సరి, ఇందాకట్నించీ సంచీ పెట్టి ఉంచింది ఆ చోట్లో. తర్వాత లోపలికెళ్ళాలి, తారీకాయన చెప్పినట్టు చెప్పాలి. ఆయన ఉపాయం అదే, రద్దు కాగితం బీమా వాళ్ళ దగ్గర లేదు, మంట అంటుకున్న రోజు దాకా మేమిద్దరం కలిసే నడుపుతున్నాం అని పెద్దావిడ ఒక కాగితం రాసిస్తే చాలు, స్వయంగా వస్తే మరీ మంచిది, వాళ్ళు తవ్వరు అన్నాడు. తవ్వితే అని అడిగింది. తవ్వరండీ అన్నాడు. మళ్ళీ ఆయనే, తవ్వితే మాత్రం రాసిచ్చినావిడ మెడకి చుట్టుకుంటుంది, అబద్ధపు కాగితం కదా అన్నాడు. అది వదినకి ఫోనులో చెప్పలేదు తను. ఒక్క సంతకం చాలంది. క్లెయిము రాకపోతే ఫర్నేసు లేదు, ఫర్నేసు లేకపోతే పని లేదు, యాభై మూడేళ్ళకి ఎవరి దగ్గరో బల్ల ముందు కూర్చుని ఎవరో చెప్పిన పన్ను చెక్కాలి. భయంగానే ఉంది. కానీ నిజం చెప్పాలంటే ఈ రెండు రోజులూ ఫర్నేసు గురించి ఒక్కసారి అనుకుంటే వదిన రావడం గురించి పదిసార్లు అనుకుంది, మంట అంటుకోబట్టి కదా ఫోను చెయ్యడానికి ఒక సాకు దొరికిందని కూడా అనుకుంది, అనుకుని సిగ్గుపడింది.

తలుపు తెరుచుకుంది. తారీకాయన. చేతిలో కవరు. వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని ఆమె మెడ చాచి చూసింది, తలుపు మూసుకుంది.

"మేడం, పని అయిపోయింది, ఇంకేం బెంగపడకండి" అన్నాడాయన కూర్చుంటూ. "పెద్దావిడ నిన్ననే నా దగ్గరికొచ్చి రాసిచ్చి వెళ్ళారు."

"నిన్నా?"

"మూడింటికి. మేడం రేపు పన్నెండింటికి వస్తారు, ఈ ఒక్క పూట ఉండండమ్మా అన్నాను. కావాల్సింది సంతకమేగా, పెట్టాను అన్నారు. బస్సుందని వెళ్ళిపోయారు. మీకు ఎదురుగా చెబుదామని ఫోను చెయ్యలేదు."

"ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారండీ. కొంచెం చిక్కారు. కళ్ళజోడొచ్చింది."

"పళ్ళు?"

"ఆఁ?" అన్నాడాయన అర్థంకాక. ఏం లేదండీ అని ఆమె కవరు అందుకుంది.

కావాల్సింది సంతకమేగా. నిజమేగా, తను అడిగిందీ అదే, అప్పుడూ అదే, మొన్నా అదే, రెండుసార్లూ మనిషిని వదిలేసి సంతకం అడిగింది, వదిన రెండుసార్లూ పెట్టింది. కాగితం విప్పింది. వదిన రాత, కొంచెం వణికింది గాని అదే రాత, అక్షరాలు పెద్దపెద్దగా. మంట అంటుకున్న రోజు వరకు నేనూ నా మరదలూ ఈ పని కలిసి చేస్తున్నాము, సామాను మా ఇద్దరిదీ, ఇది నా ఇష్టపూర్వకంగా రాసిచ్చాను. కింద ఇంకో లైను. "అది నేను చెప్పింది కాదండీ, ఆవిడే కలిపారు, ఉంటే మంచిదేలెండి, బలంగా ఉంటుంది" అన్నాడు తారీకాయన వేలుపెట్టి చూపిస్తూ. పళ్ళు చెక్కేది తను, రంగు చూసేది నేను. ఆమె ఆ లైను చదివింది, మళ్ళీ చదివింది, మొహం కనపడకుండా తల వంచుకుని మళ్ళీ చదివింది. పేరు పిలిచారు. కాగితాన్ని మడతల మీదే మడిచి, సంచీలో లోపలి అరలో పెట్టి, జిప్పు లాగింది.

పెద్దాఫీసరు చెడ్డమనిషేమీ కాదు, కూర్చోండి అన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నాలుగు ఫారాలూ బల్ల మీదే ఉన్నాయి. పాలసీ ఇద్దరి పేర ఉంది, రెండో భాగస్వామి నుంచి ఏదైనా కాగితం తెచ్చారా మేడం అన్నాడు. తారీకాయన నవ్వుతూ ఆమె సంచీ వైపు చూశాడు.

"లేదండీ" అంది ఆమె.

తారీకాయన నోరు వెళ్ళబెట్టాడు. పొరపాటున తగిలినట్టు కాలితో తన్నాడు కూడా, బల్ల కిందనించి.

"మార్పులున్నాయండీ. నాలుగేళ్ళ క్రితమే ఉన్నాయి. మా వదిన వెళ్ళిపోయింది, నేనొక్కదాన్నే కంపెనీ పెట్టుకున్నాను. ఫారంలో నేనే రాయలేదు" అంది. మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగింది.

ఆఫీసరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఇలా చెప్తే నేను చెయ్యగలిగిందేమీ ఉండదు మేడం, మళ్ళీ ఒకసారి ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకున్నానండీ అంది. ఎందుకు రాయలేదండీ మరి అని అడిగాడు, ఆఫీసరుగా కాదు, ఊరికే తెలుసుకుందామని. లేచి నమస్కారం పెట్టింది.

మెట్ల మీద తారీకాయన వెంటపడ్డాడు. "ఆ కాగితం నాకివ్వండి మేడం, నేనే లోపలికెళ్ళి ఇచ్చొస్తాను, మీకేమైనా మతిపోయిందా" అంటున్నాడు, ఆయనకి ఏడుపొచ్చేలా ఉంది, పాపం ఇన్నేళ్ళూ టీ తాగినవాడు. "అది వాళ్ళకి రాసింది కాదండీ" అంది ఆమె. ఆయనకి అర్థం కాలేదు. వదిన మెడకి చుట్టుకుంటుందని కూడా చెప్పొచ్చు, అదీ నిజమే, కానీ అదే మొత్తం నిజమని ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేకపోయింది. బీమా వాళ్ళకిస్తే ముద్రేసి దారం గుచ్చి బీరువాలో పెట్టేస్తారు. నాలుగేళ్ళలో వదిన దగ్గర్నించి వచ్చింది అదొక్కటే.

కింద వాకిలి దాటబోతూ గడప దగ్గర ఆగింది. ఎండ నేరుగా పడుతోంది. సంచీ తెరిచి కాగితం తీసి వెలుగులోకి పట్టుకుంది. లోపల ట్యూబులైటు కింద సిరా నల్లగా కనిపించింది, ఇక్కడ చూస్తే నీలంలా ఉంది, రెండూ కాక రెండిటికీ మధ్యలా ఉంది, కళ్ళల్లో నీళ్ళుండడం వల్లేమో సరిగా తెలియడంలేదు.

"ఇది నీలమా, నలుపా వదినా?" అంది పైకే.

గేటు దగ్గర కుర్చీలోంచి కాపలా అతను తలెత్తాడు.

"నన్నా మేడం?"

"కాదండీ" అంది ఆమె.